సంతలో మీ బావ

హలో… ఆ, నేనేనే డాలీ, దెబోరక్కని. సెప్పు.

… ఎవులూ? గట్టిగా సెప్పు. మీ ముంచింగిపుట్టు సిగ్నలు నాకు సగం మాటే అందిస్తాది.

మీ బావా?

సంతలోనా? నీ కళ్లతో సూసేవా?… మొహం సూసేవా, ఈపు సూసేవా?

ఆఁ… ఆఁ… గళ్ల సొక్కా, బుర్రకి నల్ల టోపీ… ఆయనే. పొద్దున్న నేనే ఇస్త్రీ సేసి ఇచ్చేను ఆ సొక్కా.

లేదు, కంగారేటీ లేదు. పెరట్లో బట్టలు ఉతుకుతన్నాను, అంతే… నా గొంతెప్పుడూ ఇలగే ఉంటాది.

డాలీ, ఒక మాట ఇను. నాతో ఏటి సెప్పి ఎళ్లేడో తెలుసా? పాడేరులో మీటింగంట. "గ్రౌండుకి లైట్లు అడగాల దెబోరా, మద్దేన్నం భోజనం కూడా అక్కడే" అన్నాడు. ఇప్పుడేమో మీ ఊరి సంతలో, ఎండుసేపల బుట్టల మద్దెన తేలేడు.

… ఏటి కొంటన్నాడు?

ఏటీ కొనటం లేదా? మరి సంతకెందుకెళ్లినట్టు?

ఈ ఒక్క మాటు కాదే ఇది. వానలు ఎలిసిన కాడ్నించీ ఇదే వరస. మీ సంత వచ్చిన రోజల్లా ఆయనకి ఏదో పని వచ్చి పడతాది. ఒక మాటు పాడేరు, ఒక మాటు డుంబ్రిగూడలో బాగా ఆడీ గుంటల్ని, కుర్రోళ్లని, సూడాలంట. నతానియేల్‌ని అడిగేను — అదే, అకాడెమీలో మీ బావ కింద పన్జేస్తాడు సూడు, అసిస్టెంటు — "ఈ రోజు క్యాంపెక్కడ బాబూ" అంటే నీళ్లు నమిలేడు. "సారు నాకు సెప్పలేదాంటీ" అని సెప్పులు ఎతుక్కున్నాడు.

అదొక్కటే అయితే నేనూ పట్టించుకోను. తానం సేసి వస్తన్నాడే ఇంటికి! పొద్దున్న ఇంట్లో తానం సేసి ఎళ్లిన మొగోడు సాయంత్రం మల్లీ తానం సేసి తిరిగొస్తే ఏటనుకోవాల? మనింటి సబ్బు కాదది. సందనం వాసన.

నవ్వకే. నీకేటి, నీ మొగుడు బడీ ఇల్లూ తప్పితే ఎరగడు.

… అవునే, పెద్దమనిషే. ఇండియాకి ఆడిన మనిషే. ఈ కొండలన్నింటికీ ఒక్కడే. నాకు తెలదా? పెళ్లి సేసుకున్నది నేను. ఏడాదిలో ముప్పాతిక ఓటళ్లలోనే ఉండీవోడు. ఆ దేశం, ఈ దేశం. తోటి ఆటగాళ్ల పెళ్లాలు "అడుగు దెబోరా, అడక్కపోతే మొగోళ్లు సెప్పరు" అనీవోరు. నేను అడగలేదు. ఒక్క మాటు కూడా. వయసులో అనుమానపడనిదాన్ని, ఇప్పుడు ఆయన జుట్టు నెరిసి, గుండెకి స్టెంటు ఏసుకున్నాక పడతన్నాను. నా రాత ఇలగుంది.

ఇప్పుడెక్కడున్నాడు?… కనిపించటం లేదా? ఓలమ్మా, నాతో కబుర్లు సెప్పీసి మనిషిని ఒగ్గీసేవా! ఎతుకు, బేగి. బుర్రమీద కొంగేసుకో. నిన్ను సూసేడంటే "మీ అక్క పంపిందా" అంటాడు.

…

ఆ… ఎక్కడా? టీకొట్టా? ఎవులిదది?

రత్నాలా? రత్నాలెవులు?

ఎంత వయసుంటాది?

"బాగానే ఉంటాది" అంటే ఏటే డాలీ? సక్కగుంటాదా? మొగుడున్నాడా?

… పోయేడా. ఆహా.

లేదు, నేనేటీ అనలేదు. పాపం, పోయినోడి గురించి నేనేటంటాను. సెప్పు, ఏటి సేస్తన్నాడక్కడ?

లోపలికెళ్లేడా? కొట్టు ఎనకాల గదిలోకా… తలుపేసేడా!

ఆవిడెక్కడుంది?… బయటా? టీ పోస్తందా? సరిగ్గా సూడు. మల్లీ సూడు. ఆవిడేనా?… ఊఁ. బయటే ఉందా.

మరి ఒక్కడూ లోపల ఏటి సేస్తన్నట్టు? జీలుగు కల్లు అయ్యుంటాది. అదే. సుక్క ముట్టొద్దని డాక్టరు గొంతు సించుకున్నాడు…

… వచ్చేడా? ఏటి, ఏటి?

గళ్ల సొక్కా లేదా? మరేటేసుకున్నాడు?

పసుప్పచ్చ బనీనా. ఈపు మీద నెంబరా. మొహానికి తువ్వాలా!

డాలీ… మొహానికి తువ్వాలు కట్టుకునేది దొంగోళ్లు కదే.

ఉండు. ఈ బట్టలు పక్కన పడేసి గట్టుమీద కూకుంటాను… ఆ, సెప్పు.

బండెక్కేడా? ఎవుడి బండి?… ఎవుడో గుంటడా. సంత దాటి వాగు వైపా? అటేటుంది, ఇళ్లున్నాయా?

పొలాలేనా. కోతలైపోయిన పొలాల్లో ఏటి పనే ఆయనకి?

నువ్వెళ్లు. నడిసెళ్లు… ఎండా? నా కడుపులో మంట ముందు నీ ఎండేపాటి! మీ అక్క కాపరం ఇది. ఎళ్లమ్మా. ఫోను కట్ సెయ్యకు, సెవికాడ ఎట్టుకునే నడు.

… ఆ రత్నాలు కూడా వస్తందా? నీతోటా? కొట్టు మూసీసి మరీనా!

నిన్ను సూసి నవ్వుతందా… సూసేవా. ఏదో ఉంది. నాకు తెలుసు. డాలీ, నువ్వుగానీ తెలిసీ దాస్తన్నావేటి నా దగ్గిర? మీ బావంటే నీకు సిన్నప్పట్నించీ గొప్ప… సరే సరే, బైబిలు మీద ఒట్టెయ్యక్కర్లేదు. నడు.

నడుస్తా ఇను. నువ్వప్పుడు లంగాలేసుకుని తిరిగీదానివి. ఆయన పేరు మొదట ఇండియా టీములో వచ్చినప్పుడు మన సర్చి గంట కొట్టేరు, గుర్తుందా? పాస్టరుగారు వాక్యం సగంలో ఆపి "బర్నబా ఆడతన్నాడు, పదండి" అని అందర్నీ టీవీ ఉన్నింటికి తోలీసేరు… అదే గుర్తుంటాది అందరికీ. తీసీసిన రోజు ఎవులికీ గుర్తుండదు.

ఎవులూ సెప్పలేదే. ఒక్క ఫోను సెయ్యలేదు. అరకు బజార్లో కరెంటు సామాన్ల కొట్టుకి బల్బు కోసం ఎళ్లేడు. అక్కడ టీవీలో టీము పేర్లు సదువుతన్నారు. నిలబడి ఇన్నాడు. ఆయన పేరు లేదు. మల్లీ సదువుతారేమో అని అక్కడే నిలబడిపోయేడంట. బల్బు మరిసిపోయి ఇంటికొచ్చి, సీకట్లో కూకున్నాడు… ఆ తరవాత ఎన్ని నెలలో ఫోను పక్కలో ఎట్టుకు పడుకునీవోడు. తానానికెళ్తే నాకిచ్చి "మోగితే పిలు" అనీవోడు. మోగలేదు.

అదైపోనాది. కోచ్చయ్యేడు. వైజాగులో సిన్నగుంటల టీములకి సేసేడు, ఆ తరవాత "మనోళ్లని నేనే తయారుసేస్తాను" అని ఇక్కడ అకాడెమీకొచ్చేడు. ఆయన సేతికిందనించి స్టేటుకి ఆడినోళ్లున్నారు. గానీ డాలీ, ఆ రోజునించీ బంతి ముట్టలేదే మనిషి. నోటితోటే నేర్పుతాడు. "ఏలు ఇలగెట్టు, బుజం అలగ తిప్పు" — అంతే. టీవీవోళ్లొచ్చి అడిగితే "ఆట మీద మోజు తీరిపోయింది" అని నవ్వుతాడు. నేను ఎదురుగా కూకునే ఇన్నాను. నమ్మీసేను.

… వచ్చీసేరా? ఏటది, ఆ మైకేటి?

జనమా? పెళ్లా ఏటి?

మేకపోతు మెడలో పూలదండా! జాతరకెళ్లేడా మీ బావ? ఆదివారం సర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే…

… క్రికెట్టా?

టెన్నిస్ బంతి క్రికెట్టా. గెలిసినోళ్లకి మేకపోతా.

ఉండు ఉండు. అయితే సూడ్డానికెళ్లేడా? బాగా ఆడీవోళ్లని ఏరుకోడానికా? అలగైతే నాకు సెప్పడానికేటి? తువ్వాలెందుకు? నతానియేల్ ఎందుకు నీళ్లు నమలాల?

డాలీ, అక్కడ పందేలాడతన్నారా? సరిగ్గా సూడు. ఇండియాకి ఆడినోడు పందేలకాడ దొరికేడంటే పేపర్లో ఏస్తారే. అకాడెమీవోళ్లు ఒక్క పూట ఉంచరు… లేదా? రత్నాలు సెప్పిందా? ఆవిడ మాట నాకెందుకు, నువ్వు సూసి సెప్పు… మేకపోతు ఒక్కటేనా. సరే.

… ఏటీ? మల్లీ సెప్పు.

ఆడతన్నాడా.

గ్రౌండు లోపలా? మీ బావా?

కాదు. కాదే. నువ్వు ఎవుల్నో సూసి… హాస్టలు గుంటలు టెన్నిస్ బంతితో ఆడతంటే లాక్కొచ్చి, మా కత్తిపీట మీద రెండు సెక్కలు సేసిన మనిషే ఆయన! "సెయ్యి పాడైపోద్ది" అని ఊరంతా ఇనిపించీలాగ అరిసేడు…

ఏ సేత్తో ఏస్తన్నాడు బంతి?

కుడి సేత్తోనా. హమ్మయ్య. అయితే మీ బావ కాదు. ఆయన ఎడంసెయ్యి కదే. ఆ ఎడంసెయ్యి స్పిన్నుకే కదా ఇండియా టీములోకి తీసుకున్నారు. అన్నం తినడం తప్పితే అన్నీ ఎడమే. కుడి సేత్తో తలుపు గడియ కూడా సరిగ్గా ఎయ్యలేడు.

… అదే బనీనా. అదే తువ్వాలా. ఆ నడక కూడా…

దేవుడా. గుర్తుపడతారని సెయ్యి మార్చీసేడు!

ఏటని పిలుస్తన్నారు?… బుధు మామా?

ఉండవే… ఉండు. నవ్వో ఏడుపో నాకే తెలటం లేదు. పేరు కూడా మార్చీసేడు, బుధు మామంట!

రత్నాలు ఏటంటంది? ఇయ్యి ఆవిడకి… వొద్దు వొద్దు, ఇయ్యకు. నువ్వే అడిగి సెప్పు.

ఊఁ… ఊఁ… మొదట వచ్చిన రోజు వరసలో నిలబడ్డాడా? ఏటి వరస?

ఇద్దరు కేప్టెన్లు ఒకళ్ల తరవాత ఒకళ్లు పేర్లు పిలిసి ఏరుకుంటారా. ఆ గుంటల మద్దెన మీ బావ నిలబడ్డాడా.

… ఎవులూ పిలవలేదా.

"ముసలోడు పరిగెట్టలేడు" అన్నారా. మరేటి సేసేడు?

మల్లీ సంతకి మల్లీ వచ్చి నిలబడ్డాడా. అప్పుడూ పిలవలేదా… ఆ తరవాత సంతకి కూడానా.

…

ఇంటన్నాను. సెప్పు.

ఆకరికి ఎవులు పిలిసేరు? సుక్రా? సుక్రెవులు… బండిమీద తీసుకెళ్లిన గుంటడేనా. మనిషి తక్కువై పిలిసేడా. పోనీలే, పిలిసేడు కదా.

ఓ, తానం కూడా అందుకా. మట్టంతా కడుక్కోడానికి రత్నాలింట్లో నీళ్లు తోడి ఎడతందా… ఆవిడ కొడుకా సుక్రు! కొడుకని ముందే సెప్పొచ్చు కదే నువ్వు!

నేనేటీ అనలేదు ఆవిడ్ని. నువ్వూ ఏటీ ఇనలేదు.

డాలీ, అదంతా సరే — స్టెంటు! ఏసి ఏడాది కూడా కాలేదు. పరిగెడతన్నాడా? నిజిం సెప్పు. నడిసొచ్చి ఏస్తన్నాడా… బంతి తనకాడికొస్తేనో? ఒదిలీసేడా. సుక్రు తిడతన్నాడా! ఏటని?

"పొద్దున్న గంజి తాగలేదా మామా" అన్నాడా. ఎంతమంది కుర్రోళ్లు మీ బావ ముందు సేతులు కట్టుకు నిలబడతారో తెలుసా ఆ గుంటడికి? మీ బావేటన్నాడు?

నవ్వేడా.

తువ్వాలు జారిపోయి… అలగ నవ్వేడా.

నేను సూసి ఎన్నాళ్లయిందో ఆ నవ్వు.

… ఇంకెంత సేపుంది?… ఆకరి ఓవరా. ఎవులేస్తన్నారు? మీ బావా! బుద్ధుందా ఆ సుక్రుకి? ఇంకెవులూ దొరకలేదా?… మిగిలినోళ్ల ఓవర్లన్నీ అయిపోయేయా.

కొట్టీసేరా? వాగులో పడ్డాదా… మల్లీనా!

ఇంకో దెబ్బ కొడితే ఆళ్లే గెలుస్తారా. గెలవనీ. ఓడిపోయి ఇంటికి రమ్మను ఈయన్ని.

… ఏటి సేస్తన్నాడు? ఎంపైరు దగ్గిరికెందుకు?

సెయ్యి మారస్తానన్నాడా?

వొద్దను. డాలీ, వొద్దని అరువు! ఆ ఎడంసెయ్యి తిప్పడం ఒక్క మాటు టీవీలో సూసినోడెవుడైనా గుర్తుపట్టీస్తాడు. కోచ్చు బయట ఆటలాడకూడదని అకాడెమీ రూలే. స్టెంటుతో ఆడేడంటే ఇంకేటంటారో! ఈ ఉద్యోగం కూడా పోతే మల్లీ ఆ ఫోను పక్కలో ఎట్టుకుని… నేను పడలేనే. మల్లీ సూడలేను. అరువు!

… ఇనలేదా.

ఏసీసేడా?

డాలీ? డాలీ! ఏటా గోల? ఎవుల గోలది, మనోళ్లదా ఆళ్లదా? సెప్పవే!

… బౌల్డా.

బౌల్డా!

ఎత్తుకున్నారా? ఎత్తొద్దను, గుండె… దించమను. దించేరా.

ఏటీ? కూలబడ్డాడా?

కూకున్నాడా, పడ్డాడా? డాలీ, కూకున్నాడా పడ్డాడా సెప్పు! ఎళ్లు, పరిగెట్టు. నాలిక కింద ఎట్టుకునే బిళ్ల సొక్కా జేబులో ఉంటాది — అయ్యో, సొక్కా ఆ కొట్లో ఉండిపోనాది. రత్నాల్ని పరిగెట్టమను. తెమ్మను. ప్రభువా… ప్రభువా, ఈయన్నేటీ సెయ్యకు. ఎక్కడికెళ్లినా పరవాలేదు, ఎన్ని అబద్దాలు సెప్పినా పరవాలేదు, ఏ సబ్బేసుకున్నా పరవాలేదు…

…

హలో? హలో? డాలీ!

… ఏటీ?

ముల్లా.

కాల్లో ముల్లా!

కూకుని ముల్లు తీసుకుంటన్నాడా. రత్నాలు పిన్నీసిచ్చిందా… ఉండు. ఉండమ్మా, నీళ్లు తాగనీ.

…

ఆ. సెప్పు. జనం ఏటంటన్నారు? గుర్తుపట్టీసేరా?

ఎవులో పెద్దాయన "ఇండియాకి ఆడిన బర్నబావి కదా" అన్నాడా. అందరూ ఫోన్లు తీసేరా. ఈడియోలా… అయిపోనాది. సాయంత్రానికి అకాడెమీకి తెలిసిపోద్ది.

మీ బావేటన్నాడు?

"అవును, నేనే" అన్నాడా. తువ్వాలు తీసీసి మరీ.

… సుక్రు కాళ్లకి దండం ఎట్టబోతే బుర్రమీద ఒకటిచ్చేడా. మంచి పని సేసేడు.

ఫోను ఆయనకియ్యి, డాలీ. అవును, ఇయ్యి. నువ్వు నాకు సెప్పేవని తెలియనీ. ఏటీ అనను.

…

ఏవండీ. నేనే.

… ఊఁ.

ఊఁ… వొద్దు, ఏటీ సెప్పొద్దు. నాకంతా తెలుసు. డాలీ సెప్పింది… కోపం లేదండీ. ఉంది. ఉంది గానీ అది ఇంటికొచ్చాక. ముందిది సెప్పండి, ఆయాసంగా ఉందా? ఎడం బుజం లాగుతందా?… బంతేసిన నొప్పా, ఆ నొప్పా? మీ అబద్దాలు పాడేరుకి సెప్పుకోండి, నాకు నిజిం కావాల… సరే. ఆ బిళ్ల తెప్పించుకుని జేబులో ఎట్టుకోండి. గంట సేపు బండెక్కకండి.

నాకెందుకు సెప్పలేదు?

… నవ్వుతాననా. నేనా?

నేనేటనుకున్నానో తెలుసా మీకు?… వొద్దులెండి. సెప్పను. సచ్చినా సెప్పను.

తెలుసు. ఈడియోలు తీసేరు, ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు. గానీ ఈ మాటు ఎవులో ఫోను సేస్తారని కూకోవద్దండీ. రేపొద్దున్న మీరే ఎళ్లండి అకాడెమీకి. ఆడేను అని సెప్పీయండి. మల్లీ ఆడతానని కూడా సెప్పండి… ముందు డాక్టరు దగ్గిరికి. ఆయన ఊఁ అంటేనే. వొద్దంటే గొడుగేసుకుని ఎంపైరుగా నిలబడండి… నేను తగువులాడతానులెండి డాక్టరుతో.

ఒకటి అడగనా?… ఆ ఆకరి బంతి. ఎలగ పడ్డాది?

… ఊఁ… బయట పడి… లోపలికా. అంత తిరిగిందా, టెన్నిస్ బంతే! ఏలు ఎక్కడెట్టేరు?… సెప్పండి, ఇంటన్నాను… వాడు ముందుకొచ్చేసి… ఊఁ… ఆఁ…

నాకేటి తెలుస్తాది? ఇండియాకి ఆడినన్నాళ్లూ ఒక్క ఆటకైనా తీసుకెళ్లేరా నన్ను? "వచ్చే సిరీసుకి, వచ్చే సిరీసుకి" అని… మీ బౌలింగు నేను టీవీలో సూసిందే. అదీ పిల్లకి అన్నం ఎడతా సగం సగం.

… ఏడవకండి. గుంటలు సూస్తారు.

వచ్చే సంతకి నేనొస్తన్నాను. డాలీ ఇంటికి కాదు, ఆటకే. గట్టుమీద కూకుంటాను. మీకు సిగ్గయితే ఇటు సూడకండి… మోయక్కర్లేదు, నా గొడుగు నేనే తెచ్చుకుంటాను. ఆ రత్నాలు టీ కూడా తాగాల. మనిషెలగుంటాదో నేనూ సూడాల… నవ్వుతారేటి? తగ్గలేదండీ, నాకింకా పూర్తిగా తగ్గలేదు.

ఆ గోలేటి? మల్లీ ఆటా?… ఇంకో ఊరోళ్లా. అయితే మీరు ఆడొద్దు ఇయ్యాల. ఊరికే నిలబడి సూడండి… ఊరికే. మాటిచ్చేరు.

… నాకూ ఇనిపిస్తంది. బుధు మామా అనటం లేదిప్పుడు. పేరెట్టి పిలుస్తన్నారు.

ఎళ్లండి. మిమ్మల్నే. నేను పెట్టేస్తన్నాను.